నలభై ఒక్క కృతజ్ఞతలు

"నలభై ఒక్క మంది లింకిచ్చారు. సాయంత్రంలోగా అందరికీ తలా ఒక ముక్క రాసెయ్ రుమ్యానా. ఆలస్యమైతే మర్యాదగా ఉండదు," అన్నాడు మా ఆయన ఆసెన్.

కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపల అడుగు పెట్టడానికి చోటు లేదు. నేల మీద పరిచిన పాత దుప్పటి నిండా కాల్చిన మిరపకాయలు, బల్ల నిండా ఒలిచినవి, కుర్చీల మీద కడిగి బోర్లించిన గాజు సీసాలు. ముప్పై కిలోల ఎర్ర మిరప. పొద్దున్నే సంత నుంచి మూడు విడతలుగా నేనే మోసుకొచ్చాను, లిఫ్టు పనిచెయ్యని అయిదో అంతస్తుకి. సెప్టెంబరు శనివారం కాబట్టి మా అపార్ట్‌మెంట్లలో ప్రతి బాల్కనీ నుంచీ అదే కాలిన వాసన వస్తోంది. చలికాలమంతా ఆసెన్ రొట్టె మీద రాసుకు తినే ల్యుతెనిత్సా పచ్చడి ఇవాళ సీసాల్లోకి ఎక్కాలి. నా ఎదురుగా మా అత్తగారు వెస్కా కూర్చుని తొక్కలు ఒలుస్తోంది.

"క్రాసిమిర్‌కి మాత్రం కొంచెం పెద్దగా రాయి," అన్నాడు మళ్ళీ. "అందరికంటే ముందు ఇచ్చింది వాడే. పోరాటంలో నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది, అలాంటిదేదైనా పెట్టు. నీకు వచ్చు కదా."

నాకు వచ్చు. నాలుగేళ్ళుగా నాకు వచ్చిన పని అదే. అతను వెళ్ళిపోయాడు, పక్క గదిలో టీవీ పెట్టిన చప్పుడు వినపడింది. మా అత్తగారు తలెత్తకుండానే, "చెయ్యి కడుక్కుని ఆ పని చూసుకో, ఇది నేను చూస్తాలే. వాడి పనికి ఆలస్యం కాకూడదు," అంది. ఆవిడకి కొడుకు చేసేదేమిటో సరిగ్గా తెలియదు. కంప్యూటరు ముందు వాడు కూర్చుంటే దేశం కోసమనీ, నేను కూర్చుంటే కాలక్షేపమనీ ఆవిడ నమ్మకం. ఈ మాట ఒకసారి నాతోనే అంది, ఏ దురుద్దేశమూ లేకుండా, వర్షం పడేలా ఉంది అన్నంత మామూలుగా.

ఆసెన్ మా సరిహద్దు ఊరు పెట్రిచ్‌లోని హైస్కూల్లో చరిత్ర చెబుతాడు. బయట మాత్రం అతను 'నిటారుగా' అనే బ్లాగు రాసే ఆసెన్. అడవులు నరికేవాళ్ళ మీద, నదిలో ఇసుక తోడేవాళ్ళ మీద, కార్ఖానాల మీద రాస్తాడు. బాగానే రాస్తాడు, కాదనను. దేశంలో అలా రాసేవాళ్ళు ఒక వంద మంది ఉంటారు. ఎవరి పేజీకి పక్కన చూసినా ఒక నిలువు పట్టిక ఉంటుంది, తాము మెచ్చే బ్లాగుల పేర్లతో. నన్ను నువ్వు నీ పట్టికలో వేస్తే వారంలోగా నిన్ను నేను నా పట్టికలో వెయ్యాలి. వేశాక నీ పేజీకి వచ్చి ఒక మంచి మాట రాసి పోవాలి. నీ దగ్గర్నుంచి ఏదైనా తీసుకుంటే కింద నీ పేరు రాసి లింకివ్వాలి. ఎవరైనా నన్ను తీసేస్తే నేనూ మారు మాట్లాడకుండా తీసెయ్యాలి, కానీ పదిమందిలో కనబడ్డప్పుడు కౌగలించుకోవాలి. ఇవన్నీ ఎక్కడా చట్టంగా రాసి లేవు గానీ, తప్పితే మాత్రం పెళ్ళికి పిలవని బంధువుల్లా మొహాలు ముడుచుకుంటారు. ఈ మర్యాదల మీదే ఆసెన్ రెండేళ్ళ కిందట ఒక వ్యాసం రాశాడు. 'లింకు ఇవ్వడమంటే ఒక మనిషి ఉన్నాడని ఒప్పుకోవడం' అన్నాడందులో. ఆ వాక్యాన్ని ఇప్పటికీ అందరూ ఎత్తి రాసుకుంటారు, కింద అతని పేరు పెట్టి మరీ.

ఒప్పుకునే పని మాత్రం నాది. ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగాక కూర్చుని, వారంలో ఎవరెవరు అతనికి లింకిచ్చారో వెతికి, వాళ్ళని పట్టికలో ఎక్కించి, ఒక్కొక్కరి రాతలూ చదివి, ఒక్కొక్కరికీ ఉత్తరం రాయడం. 'మిత్రమా, నీ పేజీలో నా పేరు చూసి సంతోషమేసింది. కొండ అడవుల మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ ఆసెన్.' రెండుసార్లు చదివింది నేను. అతను ఒక్కసారి కూడా చదవలేదు. మొదట్లో నాకది సరదాగానే ఉండేది, ఆ సంగతి దాచను. కొత్తగా పెళ్ళయినవాళ్ళు చొక్కా ఇస్త్రీ చెయ్యడంలో కూడా ఏదో ఉందనుకుంటారే, అలాగ. తర్వాత అది నిజంగా ఇస్త్రీ అయిపోయింది. ఏ వారమైనా నేను ఒంట్లో బాగాలేక మానేస్తే, "ఏంటి రుమ్యానా, వార్నా ఊరాయన నొచ్చుకున్నాట్ట," అని అడిగేవాడు, ఉతికిన మేజోళ్ళు కనబడకపోతే అడిగినట్టు.

పోయిన వసంతంలో రాజధాని సోఫియాలో బ్లాగర్లంతా కలిశారు. నన్నూ తీసుకెళ్ళాడు. బీరు హోటల్లో పొడవాటి బల్ల, నేను చివర్లో, కోట్లూ సంచులూ పెట్టిన కుర్చీ పక్కన. ఒక గడ్డం మనిషి లేచి వచ్చి ఆసెన్ చేతిని రెండు చేతులతో పట్టుకుని, "మా నాన్న పోయినప్పుడు చాలామంది రాశారు. నీ ఉత్తరం చదివాకే నాకు ఏడుపొచ్చింది బ్రదర్. ఇప్పటికీ దాచుకున్నా," అన్నాడు. ఆసెన్ అతని భుజం తట్టి, "మనకి మనం కాకపోతే ఎవరున్నార్రా," అన్నాడు. ఆ మనిషికి తండ్రి పోయిన సంగతే ఆసెన్‌కి తెలియదు. ఆ ఉత్తరం రాసినరోజు మా నాన్న గుర్తొచ్చి నేను ఏడ్చాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "ఆయన ఎవరో నీకు తెలుసా?" అని అడిగాను. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునే, "నువ్వు బాగా రాస్తావు, అందుకే కదా నీకు అప్పజెప్పింది," అన్నాడు. నాకేదో పతకం తగిలించినట్టు అన్నాడు. నేను కూడా ఆ రోజు దాన్ని పతకంలాగే పుచ్చుకుని, ఇంటికొచ్చి అతనికి గుడ్డు వేయించి పెట్టాను. అది తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

నాకూ ఒక బ్లాగుంది. పేరు 'సూది బెజ్జం'. మా అమ్మ ఇరవై రెండేళ్ళు కుట్టుమిషను మీద పనిచేసింది. మా ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఇప్పటికీ అదే పని చేస్తారు, సరిహద్దు అవతలి యజమానుల దగ్గర. నేను మునిసిపల్ లైబ్రరీలో చదువుకునే గది చూసుకుంటాను. పుస్తకాల సంగతి చూడమని పెట్టారు గానీ, కౌన్సిల్ పెద్దలు వచ్చినప్పుడల్లా డైరెక్టరుగారికి నేను కాఫీ చేసే మనిషినే. సాయంత్రాలు కొంతమంది మిషను పని చేసే ఆడవాళ్ళు వచ్చి నా దగ్గర కూర్చునేవాళ్ళు. వాళ్ళు చెప్పింది నేను రాసేదాన్ని. ఎవరి పేరూ ఉండేది కాదు. ప్రతి రాత చివరా ఒకే మాట పెట్టేదాన్ని: ఇక్కణ్ణించి తీసుకునేవాళ్ళు ముందు నాకు రాయండి, లింకు తప్పక ఇవ్వండి, చెప్పినావిడ వద్దంటే అది తీసేస్తాను, మీరూ తీసెయ్యాలి. రోజుకి ముప్పైమంది చదివేవాళ్ళేమో. ఒకసారి ఆసెన్‌ని అడిగాను, నీ పట్టికలో నన్ను కూడా వెయ్యి అని. నవ్వాడు. "సొంత పెళ్ళానికి లింకిచ్చుకుంటే జనం ఏమనుకుంటారు? నా నిజాయితీ ఏం కావాలి?" అన్నాడు. అతని పట్టికలో వాళ్ళ తమ్ముడు మిత్కో చేపలు పట్టే బ్లాగు ఉంది. అదీ అడిగాను. "అది వేరు, వాడిది రాజకీయం కాదు కదా," అన్నాడు. మా అత్తగారు కూడా, "అన్నదమ్ముల మధ్యకి నువ్వెందుకే," అంది. మిత్కో బ్లాగుకి వచ్చిన కామెంట్లకి కూడా ఎవరు జవాబు రాస్తారో మీరు ఊహించుకోవచ్చు. వలల సైజుల గురించి ఇప్పుడు నాకు చాలా తెలుసు.

ఆగస్టులో జోర్కక్క వచ్చింది. యాభై దాటిన మనిషి, మా అమ్మ పక్క మిషను మీద కుట్టిన మనిషి. ఎండలు నలభై దాటిన ఆ రెండు వారాల్లో వాళ్ళ షెడ్డులో తలుపులు వేసి తాళం పెట్టేవారట, సరుకు బయటికి పోతుందని. పదకొండుమంది పడిపోయారు. పడిపోయినవాళ్ళ మొహాన నీళ్ళు కొట్టి లేపి మళ్ళీ కూర్చోబెట్టారు. జోర్కక్క సూది గోట్లోంచి దిగినా చెయ్యి ఆపలేదట. ఎడమచేతి బొటనవేలికి రెండుసార్లు అలా దిగి ఇప్పుడు ఆ వేలికి గోరు లేదు. అది చూపించి, "ఇంక ఇది మళ్ళీ గుచ్చుకోదులే," అని నవ్వింది. నేను అదంతా రాశాను. గోరు లేని బొటనవేలి సంగతి కూడా రాశాను. రాయకూడదని ఒక్క క్షణం తోచింది. కానీ వాక్యం చాలా బాగా కుదిరింది, తీసెయ్యబుద్ధి కాలేదు. అది నా తప్పు. దాన్ని ఇంకెవరి మీదకీ తోసెయ్యను.

అది చదివి ఆసెన్ మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసి, "బావుంది," అన్నాడు. మర్నాడు దాన్ని మొత్తంగా కాపీ చేసి క్రాసిమిర్‌కి ఈమెయిలు పంపాడు. నాకు చెప్పలేదు. క్రాసిమిర్ సోఫియాలో ఉంటాడు, రోజుకి పది వేలమంది చదువుతారు అతన్ని. అతను దాన్ని తన పేజీలో పెట్టాడు, నేను చివర రాసుకున్న ఆ నాలుగు మాటలూ కత్తిరించేసి. పైన, 'దక్షిణాది నుంచి మన ఆసెన్ అందించినది' అని రాసి ఆసెన్‌కి లింకిచ్చాడు. ఆసెన్‌కి అది తెలిసింది ఈ సోమవారం పొద్దున, కాఫీ తాగుతూ. "చూశావా, నీ రాత పదివేల మందికి చేరింది," అన్నాడు నాతో. నా పేరేది అన్నాను. "పేరేంటి రుమ్యానా, విషయం ముఖ్యం కదా," అన్నాడు. లింకంటే మనిషి ఉన్నాడని ఒప్పుకోవడమని రాసిన మనిషి.

ఆ సోమవారమే సాయంత్రం జోర్కక్క లైబ్రరీకి వచ్చింది. కూర్చోలేదు. కుడిచెయ్యి మాత్రం బల్ల మీద పెట్టింది, ఎడమచెయ్యి జేబులోంచి తీయలేదు.

"పిల్లా, ఆ వేలి ముచ్చట తీసెయ్యి. సోఫియాలో ఎవడో మా గురించి రాశాడని సూపర్‌వైజర్‌కి ఎవరో ఊదారు. ఇంకా వాడికి దొరకలేదంట, వెతుకుతున్నాడు. శుక్రవారం యజమాని వస్తాడు. ఆ లోపల కనబడకుండా పోవాలి."

"ఇప్పుడే తీసేస్తాను అక్కా."

"నీ దాంట్లోది కాదు, ఆ పెద్దోడి దాంట్లోది. నువ్వు తీసేస్తే వాడిదీ పోతుందా?"

పోదు. నా పేజీలో ఆవిడ ఎదురుగానే తీసేశాను, రెండు నిమిషాల పని. తర్వాత క్రాసిమిర్‌కి రాశాను, నా పేరుతో. ఇది నేను రాసినది, చెప్పినావిడ వద్దంటోంది, ఉద్యోగం పోతుంది, దయచేసి తీసెయ్యండి అని. జవాబు లేదు. మంగళవారం మళ్ళీ రాశాను. సాయంత్రానికి రెండు ముక్కలు వచ్చాయి: 'అమ్మా, ఒకసారి ప్రచురించినది తీసెయ్యడం మా పద్ధతి కాదు. ఇది నాకు ఇచ్చింది ఆసెన్, ఏమైనా ఉంటే ఆసెన్‌తో మాట్లాడతాను.' ఆసెన్‌తో మాట్లాడతాడట. ఈ క్రాసిమిర్ తల్లికి కీళ్ళ నొప్పులని తెలిసి, ఏ ఆకు కట్టాలో రాసి పంపింది నేను.

ఆసెన్‌ని అడిగాను. మంగళవారం రాత్రి భోజనం దగ్గర, బుధవారం పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే, బుధవారం సాయంత్రం మళ్ళీ.

"వాడికిది చెప్పడం అంత సులువు కాదు రుమ్యానా. తీసెయ్యమంటే నేను వెనక్కి తగ్గాననుకుంటాడు. పట్టికలోంచి నన్ను లేపేస్తాడు. వాడు లేపేస్తే వాడి వెనక ఇంకో ముప్పైమంది లేపేస్తారు. నాలుగేళ్ళ శ్రమ."

"ఎవరి శ్రమ?"

"అబ్బా, మళ్ళీ మొదలుపెట్టకు."

"ఆవిడ ఉద్యోగం పోతుంది ఆసెన్."

"పోతుందని నువ్వనుకుంటున్నావు. అంత తేలిగ్గా తీసెయ్యలేరు. చట్టాలున్నాయి," అన్నాడు. చరిత్ర మేష్టారు. మా అత్తగారు సూపులో చెంచా తిప్పుతూ, "మగవాళ్ళు తేల్చుకునే విషయాల్లో నువ్వు దూరితే వాడికి తలనొప్పి కాదూ," అంది. పొగాకు గోడౌన్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి అంది ఆ మాట.

గురువారం మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని, నాలుగేళ్ళుగా చేస్తున్న పనే చేశాను. ఆసెన్ ఉత్తరాల పెట్టె తెరిచి క్రాసిమిర్‌కి రాశాను. 'బ్రదర్, ఆ కుట్టుపనివాళ్ళ ముక్క ఇప్పుడే తీసెయ్. కారణం తర్వాత చెబుతాను. నీ ఆసెన్.' నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది: 'నువ్వు చెప్పాక ఇంకేముంది. తీసేశాను.' వెళ్ళి చూస్తే నిజంగానే లేదు. అవే నా మాటలు, అవే నా వేళ్ళు. రెండుసార్లు నా పేరుతో బతిమాలితే కదలనిది, అతని పేరు పెట్టగానే నాలుగు నిమిషాల్లో కదిలింది. పోనీ ఇది నాకు సోమవారమే తట్టలేదా అంటే, తట్టింది. అతను చెయ్యాలని ఆగాను. ఒక్కసారి అతనంతట అతను ఒక మంచిపని చేస్తే చూడాలని, జోర్కక్క బతుకుని అడ్డం పెట్టుకుని మూడు రోజులు ఎదురుచూశాను. నా మొగుడు మంచివాడని నాకు నేను రుజువు చేసుకోవడానికి.

కానీ ఆ పేజీని సూపర్‌వైజర్ బుధవారం మధ్యాహ్నమే అచ్చు తీసి పెట్టుకున్నాడట. శుక్రవారం పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఆడవాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, చేతులు చాపమన్నారట, స్కూల్లో గోళ్ళు చూసినట్టు. జోర్కక్క వరసలోంచి తనే బయటికి వచ్చేసిందట, మిగతావాళ్ళ చేతులు చూడనివ్వకుండా. అక్కడికక్కడే పనిలోంచి తీసేశారట. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది ఇదంతా. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నిన్నేమీ అనను. చెప్పింది నేనే, రాసింది నువ్వు. కానీ ఇంక నా గురించి ఎవరూ ఒక్క ముక్క రాయకండి. నువ్వూ వద్దు, మీ ఆయనా వద్దు. ఇంకో షెడ్డులో అడుగుతాను, అక్కడికీ ఈ పేరు పాకితే నాకు సూది కూడా ఇవ్వరు."

ఆ మాట అనేటప్పుడు ఆసెన్ నా వెనకే, హాల్లో నిలబడి ఉన్నాడు. తల ఊపాడు కూడా. సాయంత్రం ఆరింటికల్లా 'నిటారుగా'లో కొత్త రాత వచ్చింది: 'చేతులు చాపండి'. మా ఊరి పేరుతో, షెడ్డు ఉన్న వీధి పేరుతో, గోరు లేని బొటనవేలితో సహా. తనే వరసలోంచి ముందుకొచ్చిన వీరవనిత గురించి. చదవడం ఆపి అతని గదిలోకి వెళ్ళాను. తీసెయ్యమన్నాను. "ఈ సమయంలో మౌనంగా ఉండటం ఆమెకి ద్రోహం చెయ్యడమే," అన్నాడు, నా వైపు కాకుండా తెర వైపు చూస్తూ. దానికే, తెల్లారేసరికి, నలభై ఒక్క లింకులు.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. మంట తగ్గలేదు. పడగ్గదిలో ఉన్న నా పాత కంప్యూటరు తెరిచి, అతని ఉత్తరాల పెట్టెలోకి వెళ్ళి, నలభై ఒక్కమంది పేర్లూ ఒకే ఉత్తరానికి తగిలించాను. అలా చెయ్యడం మా మర్యాదల్లో పెద్ద తప్పు. ఒక్కొక్కరికీ విడిగా రాయాలి, విడిగా మురిపించాలి. ఇలా రాశాను:

'మీరు ఆసెన్‌కి లింకిచ్చారు, కృతజ్ఞతలు చెప్పమని నాకు పురమాయించాడు. నా పేరు రుమ్యానా, అతని భార్యని. నాలుగేళ్ళుగా ఆసెన్ పేరుతో మీకు వచ్చిన ప్రతి ఉత్తరం నేనే రాశాను. మీ నాన్నగారు పోయినప్పుడు రాసింది నేను. మీ పాప పుట్టినప్పుడు రాసింది నేను. మీ రాతలు చదివింది నేను, అతను చదవలేదు. కుట్టుపనివాళ్ళ గురించి క్రాసిమిర్ పేజీలో మీరు చదివింది కూడా నాదే. అది తీసెయ్యమని నా పేరుతో రెండుసార్లు అడిగితే ఆయన తియ్యలేదు. ఆసెన్ పేరు దొంగతనంగా వాడి అడిగితే నాలుగు నిమిషాల్లో తీశాడు. అప్పటికి ఆలస్యమైంది, ఆవిడ పని పోయింది. ఆ పోవడంలో ఒక పాలు నాది, ఒక పాలు ఆసెన్‌ది, ఒక పాలు క్రాసిమిర్‌ది. నిన్న ఆవిడ మా గుమ్మంలో నిలబడి తన గురించి ఇంక రాయొద్దని చెప్పింది. ఆసెన్ విన్నాడు, తల ఊపాడు, రాశాడు. మీరు లింకిచ్చింది దానికి. అందుకని మీకు కృతజ్ఞతలు చెప్పలేను. ఆ లింకులు ఇవాళే తీసెయ్యండి. నాకేమీ ఇవ్వక్కర్లేదు.'

కింద నా పేరు పెట్టాను. ఆ పెట్టెలోంచి వెళ్ళే ఉత్తరం చివర నా పేరు ఉండటం అదే మొదలు. పంపించేశాను. తర్వాత 'చేతులు చాపండి' అనే రాతని అతని పేజీలోంచి తీసేశాను. దానికీ రెండు నిమిషాలే పట్టింది. చేతులు తుడుచుకుని వంటింట్లోకి వచ్చి కూర్చున్నాను.

"అయ్యాయా అప్పుడే నలభై ఒకటీ?" అంది మా అత్తగారు.

"ఒకటే రాశాను, అందరికీ కలిపి."

"అయ్యో, నొచ్చుకోరూ?"

"నొచ్చుకుంటారు," అన్నాను. ఆవిడ ఇంకో కాయ అందుకుంది. తర్వాత ఉన్నట్టుండి, "నిన్న వచ్చినావిడ, ఆ జోర్కా, చేతులు నిజంగానే చాపించారా?" అంది. చాపించారన్నాను. "మాకు గోడౌన్ గేటు దగ్గర లంగాలు దులిపించేవాళ్ళు, ఆకు దాచుకున్నామేమోనని," అంది, తొక్క లాగుతూ. "మీ మామగారికి కూడా చెప్పలేదు నేను ఆ సంగతి." పదహారేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట నాకు చెప్పడం మొదటిసారి.

పక్క గదిలో ఫోను మోగింది. ఆసెన్ గొంతు ముందు హుషారుగానే ఉంది. "చెప్పు క్రాసిమిర్... ఏ ఉత్తరం... ఎవరు... లేదు లేదు, ఆవిడకి ఒంట్లో బాగాలేదు ఈమధ్య... మారుస్తాను, ఇప్పుడే మారుస్తాను... అందరికీ నేను మళ్ళీ రాస్తాలే, అది నేను కాదని." నాకు ఒంట్లో బాగాలేదని అతను అంత తడుముకోకుండా అనగలిగాడు. ఫోను పెట్టేశాడు. కుర్చీ జరిగిన చప్పుడు, మీటలు కొట్టిన చప్పుడు, ఆగడం, మళ్ళీ కొట్టడం. వచ్చి నా మీద అరుస్తాడనుకున్నాను. రాలేదు. అక్కణ్ణించే పిలిచాడు.

"రుమ్యానా, ఇది మార్చాలంటే పాత పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం పెట్టావు?"

నాలుగేళ్ళ కిందట ఆ పెట్టె తెరిచినప్పుడు, అతను మర్చిపోకుండా ఉంటాడని పెట్టాను.

"మీ అమ్మ పుట్టినరోజు," అన్నాను, గట్టిగా, వినపడేలా.

టీవీ కట్టేశాడు. మీటల చప్పుడు ఒకసారి వినపడింది, ఆగింది. ఇంకోసారి వినపడింది, ఆగింది. నా ఎదురుగా మా అత్తగారి చేతులు కూడా ఆగిపోయాయి. ఆవిడ ఆ గోడ వంకే చూస్తోంది.

"ఎప్పుడది?" అన్నాడు.

నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.